పాలిటీ వ్యాసంలో మన వాదన మొదటి పేరాలోనే చెప్పేయాలా, చివరి దాకా ఆపాలా?

పొద్దున్నే_లేస్తా

గ్రూప్-1 మెయిన్స్‌కి పాలిటీ వ్యాసాలు ప్రాక్టీస్ చేస్తున్నాను. మా బ్యాచ్‌లో ఒక వాదన ఎంతకీ తెగట్లేదు. ఇక్కడ ఏమంటారో చూద్దామని పెడుతున్నా.

ప్రశ్న ఇది: "భారత సమాఖ్య వ్యవస్థకు గవర్నర్ పదవి బలమా, భారమా? చర్చించండి." 50 మార్కులు, వెయ్యి పదాలు, చేతిలో ఉండేది గంట.

మాకు చెప్పే సార్ మాట: "మీ అభిప్రాయం ముందే బయట పెట్టొద్దు. సగం అనుకూలం, సగం ప్రతికూలం రాయండి. చివర్లో బ్యాలెన్స్ చేసి ముగించండి." నా రూమ్మేట్‌ది పూర్తిగా రివర్స్. జవాబు మొదటి పేరాలోనే చెప్పేయాలట, మిగతా వ్యాసమంతా దాన్ని నిలబెట్టడమేనట.

నేను మొదలుపెట్టింది ఇలా:

"భారత రాజ్యాంగంలోని 153వ అధికరణ ప్రకారం ప్రతి రాష్ట్రానికీ గవర్నర్ ఉంటారు. 155 ప్రకారం ఆయనను రాష్ట్రపతి నియమిస్తారు. 156 ప్రకారం రాష్ట్రపతి ఇష్టం ఉన్నంత కాలం పదవిలో కొనసాగుతారు. గవర్నర్ పాత్రపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం."

ఇందులో తప్పేముంది? ఎవరి మాట వినాలి?

మళ్లీ_మెయిన్స్

తప్పు ఒక్కటీ లేదండీ. కాకపోతే ఈ పేరా ఎవరి పేపర్లో అయినా ఉంటుంది. "బలమా, భారమా" అని సూటిగా అడిగితే "భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అంటున్నారు. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు? మీ రూమ్మేట్ చెప్పిందే కరెక్ట్.

ఇంకో సంగతి. 155, 156 అనేవి ఈ ప్రశ్నకు గుండెకాయ. మీరేమో వాటిని హాజరుపట్టీ చదివినట్టు చదివేసి వదిలేశారు. అవే రెండు ఆర్టికల్స్‌ని వాదనలో పెట్టి చూడండి:

"గవర్నర్ లాంటి పదవి లేకుండా మన సమాఖ్య నడవదు. కానీ ఆ పదవిలో ఎవరు కూర్చోవాలో (155), ఎప్పుడు దిగిపోవాలో (156) ఆచరణలో నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వమే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలదు కాబట్టి, రాజ్యాంగం మనిషిగా ఉండాల్సిన గవర్నర్ కేంద్రం మనిషి అయిపోతున్నారు. భారం పదవిది కాదు, దాన్ని నింపే పద్ధతిది, ఖాళీ చేసే పద్ధతిది."

ఇది చదివినవాళ్లకి మీరు ఎటు వెళ్తున్నారో తెలిసిపోతుంది. ఆ తర్వాత ప్రతి పేరాకీ ఒక పని ఉంటుంది.

నెమ్మది

నేను ఒప్పుకోను. మీరు రాసిన పేరాతోనే ఎందుకో చెప్తా.

"ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలదు" అన్నారు. 2010లో బి.పి. సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏమంది? కారణం బయటికి చెప్పనక్కర్లేదు, కానీ ఏకపక్షంగానో దురుద్దేశంతోనో తీసేయడానికి వీల్లేదు, కేంద్రంలో ప్రభుత్వం మారడం ఒక్కటే కారణం కాకూడదు అంది. అంటే మీ మొదటి పేరాలోనే పొరపాటు దొర్లింది. వాదన ముందే పెట్టేసే వాళ్లందరికీ ఇదే జబ్బు. గట్టిగా వినిపించాలన్న తాపత్రయంలో ఉన్నదానికన్నా ఒక మెట్టు ఎక్కువ చెప్పేస్తారు, ఆ తర్వాత వెయ్యి పదాలూ దానికి కాపలా కాస్తారు.

రెండోది, 1984. గవర్నర్ అనగానే మనవాళ్ల పెన్ను ఆగదు. ఆగస్టులో అప్పటి గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయడం, నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కడం, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి కావడం. మంచి ఉదాహరణే. కానీ "భారం" అని ముందే తేల్చేసుకున్నవాడు దాన్ని రెండు పేజీల కథ చేస్తాడు. అవతలి వైపు రాయడానికి చోటే మిగలదు.

మూడోది, ఇది పత్రిక సంపాదకీయం కాదు. రేపు ఫైల్ మీద నోట్ రాయాల్సిన వాళ్లను ఎంపిక చేసే పరీక్ష. ముందు అన్నీ చూసి తర్వాత నిర్ణయానికి వచ్చే మనిషి కావాలి వాళ్లకి. వ్యాసం కూడా ఆ క్రమంలో ఉంటేనే బాగుంటుంది. మీ సార్ అనుభవం లేకుండా చెప్పి ఉండరు.

మళ్లీ_మెయిన్స్

సింఘాల్ పాయింట్ బాగుంది, తీసుకుంటా. "ఎప్పుడు కావాలంటే అప్పుడు" తీసేసి "కారణం చెప్పకుండానే తొలగించే వీలుంది" అని పెడితే సరిపోతుంది. వాదన ఎక్కడికీ పోలేదు, ఇంకా గట్టిపడింది. ముందే రాయడం వల్లే కదా మీరు దాన్ని పట్టుకోగలిగారు!

ఫైల్ నోట్ విషయానికి వస్తే, పై అధికారికి పది పేజీల నోట్ పంపి సిఫారసు పదో పేజీలో పెడితే ఎవరు చదువుతారు?

తెలుగు_మీడియం

సిద్ధాంతాలు పక్కన పెట్టండి, గడియారం సంగతి మాట్లాడుకుందాం. వ్యాసం పేపర్లో మూడు వ్యాసాలు, మూడు గంటలు. మొదటి దానికి గంటా పావు పట్టని వాళ్లు ఎంతమంది? మూడో వ్యాసం చివరి పేరా ఎప్పుడూ బెల్ కొట్టే ముందు, కోడి గీతల్లో రాసేదే. మీ అసలు మాట అక్కడ దాచుకుంటే అది కాగితం మీదకు రాకపోవచ్చు కూడా.

యూపీఎస్సీ జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపర్) అయితే ఇంకా దారుణం. ఇరవై ప్రశ్నలు, మూడు గంటలు, అంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. 10 మార్కుల ప్రశ్నకి 150 పదాలు. అందులో ఉపోద్ఘాతానికి యాభై పోతే ఇక రాసేదేముంది?

(హెడ్డింగుల కింద రంగు పెన్నులతో గీతలు గీసే వాళ్ల గురించి వేరే థ్రెడ్ పెట్టాలి. ఆ టైమ్‌లో ఇంకో తీర్పు గుర్తు తెచ్చుకోవచ్చు.)

పాత_లెక్చరర్

చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకి రాజనీతి శాస్త్రం చెప్పాను, పేపర్లూ దిద్దాను. పోటీ పరీక్షల వాల్యుయేషన్ నేను చేయలేదు కాబట్టి దాని గురించి మాట్లాడను. కానీ దిద్దేవాడి కన్ను ఎక్కడ ఆగుతుందో తెలుసు.

మీరంతా వాదన ఎక్కడ పెట్టాలని కొట్టుకుంటున్నారు. నేను చూసిన పేపర్లలో ఎక్కువ శాతం వాటిలో అసలు వాదనే ఉండేది కాదు, ముందూ లేదు, చివరా లేదు. అనుకూలం ఐదు పాయింట్లు, ప్రతికూలం ఐదు పాయింట్లు, ఆ తర్వాత "గవర్నర్లు రాజ్యాంగ స్ఫూర్తితో పనిచేయాలి". పాము చావదు, కర్ర విరగదు. అమ్మాయి గారి సార్ చెప్పిన పద్ధతిలో ఉన్న చిక్కు ఇదే. వాదన చివర్లో రావడం వల్ల నష్టం లేదు. రెండు సగాలూ ఒకదాన్నొకటి తాకకుండా వెళ్లిపోవడం వల్లే నష్టం.

ఉదాహరణకి బిల్లుల విషయం. మామూలుగా ఇలా రాస్తారు:

"గవర్నర్లు బిల్లులను ఆలస్యం చేస్తున్నారు. అయితే గవర్నర్ రాజ్యాంగ పరిరక్షకుడు కూడా."

రెండు వాక్యాలూ నిజమే. కానీ రెండోది మొదటిదానికి జవాబు చెప్పిందా? లేదు. ఇలా రాసి చూడండి:

"రాజ్యాంగానికి విరుద్ధమైన బిల్లును అడ్డుకునే వ్యవస్థ ఒకటి ఉండాలన్న వాదనలో బలముంది. అందుకే 200వ అధికరణ గవర్నర్‌కు దారులు చూపింది. ఆమోదించవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే సభకు తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. అభ్యంతరం ఉన్న గవర్నర్‌కు ఈ దారులు చాలు. ఏ దారీ పట్టకుండా బిల్లును బల్ల మీదే ఉంచుకోవడాన్ని మాత్రం రాజ్యాంగ పరిరక్షణ అనలేం. ఎందుకంటే అభ్యంతరం ఏమిటో సభకు తెలియదు, సవరించుకునే అవకాశమూ ఉండదు."

ఇక్కడ అవతలి పక్షాన్ని దాని బలమైన రూపంలో ఒప్పుకున్నాం, అది ఎంతవరకు వర్తిస్తుందో చూశాం, ఎక్కడ ఆగిపోతుందో చెప్పాం. ప్రతి పేరాలోనూ ఈ తూకం జరగాలి. అలా జరిగితే నెమ్మది గారు భయపడే ఒంటెద్దు పోకడ ఎలాగూ రాదు. వ్యాసం మొదట్లోనే దారి చెప్పేస్తే ఈ తూకం వేయడం విద్యార్థికే సులువు. అందుకని నా ఓటు మొదటి పేరాకే, కానీ కారణం వేరు.

ఎర్ర_సిరా

లెక్చరర్ గారి పేరాకి కొనసాగింపుగా ఒక హెచ్చరిక. చాలా నోట్స్‌లో ఇంకా తమిళనాడు గవర్నర్ ఆపిన బిల్లుల మీద 2025 ఏప్రిల్ 8న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు దగ్గరే కథ ఆగిపోయింది. ఇద్దరు జడ్జిల బెంచ్ గవర్నర్‌కి గడువులు పెట్టింది, పది బిల్లులకు ఆమోదం వచ్చినట్టే లెక్క అంది. అంతవరకే రాసి, "న్యాయస్థానం సమస్యను పరిష్కరించింది" అని ముగిస్తున్నారు.

ఆ తర్వాత రాష్ట్రపతి 143వ ఆర్టికల్ కింద సుప్రీంకోర్టు సలహా అడిగారు. నవంబర్ 20న ఐదుగురు జడ్జిల ధర్మాసనం అభిప్రాయం చెప్పింది. కోర్టులు గడువులు పెట్టలేవు, ఆమోదం వచ్చినట్టే అనుకోవడం కుదరదు. అదే సమయంలో, కారణం లేకుండా అంతూ పొంతూ లేకుండా బిల్లును ఆపితే, తగిన సమయంలో ఏదో ఒక నిర్ణయం తీసుకోమని పరిమితంగా ఆదేశించవచ్చు అంది. సభకు తిప్పి పంపకుండా ఊరికే ఆపేయడం కూడా కుదరదంది.

వాదన ముందే పెట్టేవాళ్లకి ఇది పరీక్ష. "కోర్టులు గవర్నర్లను దారికి తెచ్చాయి" అని మొదటి పేరాలో రాసినవాడు నవంబర్ అభిప్రాయం దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కుంటాడు. మళ్లీ_మెయిన్స్ గారి వాదనకి మాత్రం ఇది కలిసొస్తుంది. కోర్టు ఎంతవరకు వెళ్లగలదో తేలిపోయింది, కాబట్టి నియామకం, తొలగింపు దగ్గరే మార్పు రావాలి అని రాసుకోవచ్చు. వాదన ఎక్కడ పెట్టాలన్నది తర్వాత, ముందు కొత్త తీర్పు వచ్చినా నిలబడే వాదన ఎంచుకోండి.

నెమ్మది

ఇది నేను చెప్పిందే కదా! అన్నీ చూశాకే వాదన ఎంచుకోవాలి.

మళ్లీ_మెయిన్స్

ఎంచుకోవడం రఫ్ పేజీలో, బ్రదర్. ఐదు నిమిషాలు. జవాబు పత్రంలో మీ ఆలోచన ఎలా నడిచిందో ఆత్మకథ రాయనక్కర్లేదు.

పొద్దున్నే_లేస్తా

అందరికీ థ్యాంక్స్. మళ్లీ రాశాను:

"గవర్నర్ పదవి సమాఖ్యకు అవసరమే. కానీ కేంద్రం నియమించి, కారణం చెప్పకుండానే తొలగించగల వ్యక్తి రాష్ట్ర శాసనసభకు, కేంద్రానికి మధ్య తటస్థంగా ఉండడం కష్టం. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు బలనిరూపణను రాజ్‌భవన్ నుంచి శాసనసభకు మార్చి ఒక దుర్వినియోగానికి అడ్డుకట్ట వేసింది. బిల్లుల విషయంలో న్యాయస్థానం అంత దూరం వెళ్లలేనని చెప్పింది. మిగిలిన పని నియామక, తొలగింపు పద్ధతులను మార్చడమే."

1984 ఉదంతాన్ని రెండు వాక్యాలకు కుదించి, బొమ్మై పేరాలో పెట్టాను. సభలో బలం తేలకుండానే ప్రభుత్వాన్ని మారిస్తే ఏమవుతుందో చూపడానికి. ఒక డౌట్. అంతా మొదట్లోనే చెప్పేశాక చివరి పేరాలో ఏం రాయాలి? అదే మాట మళ్లీ రాస్తే బాగోదు కదా.

పాత_లెక్చరర్

బాగా వచ్చిందమ్మా. చివరి పేరాలో చాలామంది కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా, పూంఛీ కమిషన్ల సిఫారసులన్నీ కుమ్మరిస్తారు. అలా వద్దు. నీ వాదన నియామకం, తొలగింపు గురించి. దానికి సరిపోయేవే తీసుకో. నియామకానికి ముందు ముఖ్యమంత్రిని సంప్రదించాలని, స్థానిక రాజకీయాలతో దగ్గరి సంబంధం లేని బయటి రాష్ట్రం వ్యక్తిని తేవాలని 1988లో సర్కారియా కమిషన్ చెప్పింది. ఐదేళ్ల స్థిర పదవీకాలం ఉండాలని, తొలగింపు శాసనసభ ద్వారా అభిశంసన పద్ధతిలో జరగాలని 2010లో పూంఛీ కమిషన్ చెప్పింది. బిల్లులకు ఆరు నెలల గడువు అన్న సిఫారసు కూడా పూంఛీదే, కానీ అది బిల్లుల పేరాలోకి పోతుంది. ఇక్కడికి తేకు.

అక్కడితో ఆగకుండా, ఈ సిఫారసుల్లో దేన్ని అమలు చేస్తే కొత్త చిక్కు వస్తుందో ఒక్క వాక్యం రాయి. శాసనసభే గవర్నర్‌ని తీసేయగలిగితే, ముఖ్యమంత్రి మెజారిటీకి గవర్నర్ భయపడాల్సి రాదా? ఆ ప్రశ్నను నువ్వే లేవనెత్తి, అభిశంసనకు ప్రత్యేక మెజారిటీ పెట్టాలని నువ్వే జవాబు చెప్పావనుకో, చివరి పేరా రిపిటీషన్ అవదు.

నెమ్మది

50 మార్కుల వ్యాసానికి మొదటి పేరా పద్ధతి పనిచేస్తుందని ఒప్పుకుంటా, కనీసం ఈ ప్రశ్నకి. "పరిశీలించండి" అని మాత్రమే అడిగిన చిన్న ప్రశ్నలకి మాత్రం నా పద్ధతి మార్చను.

కానీ ఒకటి ఎవరూ పట్టించుకోలేదు. "గవర్నర్ పదవి సమాఖ్యకు అవసరమే" అని మొదటి వాక్యంలోనే తేల్చేశారు. దీనికి రుజువు ఎక్కడ? వ్యాసమంతా రెండో సగానికే సాక్ష్యాలు తెస్తోంది. ఆ పదవినే ఎత్తేయాలనే వాళ్లూ ఉన్నారు కదా.

పొద్దున్నే_లేస్తా

నిజమే, దానికి పేరా లేదు. రాజ్యాంగ సభ చర్చల నుంచి తీసుకుంటే ఎలా ఉంటుంది? మొదట ఎన్నికైన గవర్నర్ అనుకుని, 1949లో నియామకానికి మారారు. గవర్నర్, ముఖ్యమంత్రి ఇద్దరూ ప్రజల ఓటుతోనే వస్తే రోజూ ఘర్షణే అని.

నెమ్మది

అది ఎన్నిక ఎందుకు వద్దో చెప్తుంది, పదవి ఎందుకు కావాలో చెప్పదు. ఎవరికీ మెజారిటీ రాని అసెంబ్లీ తీసుకోండి. పాత ముఖ్యమంత్రి దిగిపోయాడు, కొత్తవాడు ఇంకా రాలేదు. ప్రభుత్వం ఏర్పాటు చేయమని ఎవరో ఒకరు పిలవాలిగా? అక్కడి నుంచి మొదలుపెట్టండి, మీ మొదటి వాక్యం నిలబడుతుంది.