ఐఎన్‌ఎస్ విశాఖపట్నం: 2015లో నీళ్లలోకి దిగి 2021 దాకా ఏం చేసినట్టు?

బీచ్‌రోడ్_బాబు:
ఎప్పటినుంచో ఉన్న డౌటు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మన ఊరి పేరు పెట్టిన డిస్ట్రాయర్‌కి (పెద్ద యుద్ధనౌక) ముంబై మజగావ్ డాక్‌లో 2015 ఏప్రిల్ 20న జలప్రవేశం చేశారు. ఆ రోజు ఫొటోలు చూస్తే పూలదండతో సహా ఓడ మొత్తం అయిపోయినట్టే ఉంటుంది. కానీ నేవీలో చేరింది 2021 నవంబర్ 21న, అంటే ఆరున్నరేళ్లు పైనే. అన్నేళ్లు జెట్టీ దగ్గర కట్టేసి ఏం చేస్తారండీ? ఇంకోటి, పేరేమో విశాఖపట్నం, మకాం ముంబై. ఇదేం లెక్క?

గ్యాస్‌టర్బైన్:
బాబు గారూ, స్లాబ్ పడింది కదా అని ఎవరూ గృహప్రవేశం పెట్టుకోరు కదా. నీళ్లలోకి దించేది దాదాపు డొల్లనే. ఇదే క్లాసులో, అంటే ఒకే డిజైన్‌తో కట్టిన నాలుగు ఓడల్లో, మూడోది ఇంఫాల్, అది నీళ్లలోకి దిగినప్పుడు బరువు 3 వేల టన్నుల చిల్లర. పూర్తయ్యాక ఈ ఓడలు 7,400 టన్నులు. మిగతా బరువంతా తేలుతున్న ఓడలోకి తర్వాత ఎక్కించేదే.

నేను చూసింది వ్యాపార నౌకల పని, యుద్ధనౌక కాదు, కానీ కష్టం ఎక్కడో మాత్రం తెలుసు. కేబుళ్లే తీసుకోండి. ఓడంతా నీళ్లు చొరబడని గోడలతో గదులు గదులుగా ఉంటుంది, కేబుల్ ఆ గోడ దాటాల్సిన ప్రతిచోటా ఒక ఇనప ఫ్రేము పెట్టి, కేబుల్ చుట్టూ రబ్బరు దిమ్మలు పేర్చి బిగించి సీలు చేస్తారు, ఒక గది మునిగినా కాలినా పక్క గదికి పాకకూడదని. అంతా బిగించాక ఎవరో ఏదో ఎలక్ట్రానిక్ పెట్టె మోడల్ మార్చారు అంటే ఆ దారిలో ఉన్న సీళ్లన్నీ విప్పి, కొత్త కేబుల్ లాగి, మళ్లీ బిగించి మళ్లీ టెస్టు చేయాలి. యుద్ధనౌకలో ఇలాంటి మార్పులకు అంతుండదు. ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు, అదే షాఫ్ట్, దాని సంగతీ అంతే. ఒడ్డున కూర్చున్న ఓడ ఆకారం వేరు, తేలే ఓడ ఆకారం వేరు, తేడా మిల్లీమీటర్లలోనే కావచ్చు గానీ నీళ్లలోకి వచ్చాక మళ్లీ సరిచూడకపోతే బేరింగులు వేడెక్కిపోతాయి. ఇందులో ఉన్నవి ఉక్రెయిన్ డిజైన్ గ్యాస్ టర్బైన్ ఇంజన్లు, నాలుగు, ఓడని 30 నాట్ల (గంటకి 55 కి.మీ.) పైన పరిగెత్తించాలి. ముందు జెట్టీకి కట్టేసి ట్రయల్స్, ఆ తర్వాతే సముద్రం.

లంగరు:
పైన చెప్పింది కరెక్టే కానీ ఆరున్నరేళ్లూ మామూలే అంటే నేను ఒప్పుకోను. క్లాసులో మొదటి ఓడ కాబట్టి తిప్పలన్నీ దీనికే తగిలాయి. 2019 జూన్‌లో కట్టుబడిలో ఉండగానే ఓడలో మంటలు లేచి ఒక కాంట్రాక్ట్ కార్మికుడు చనిపోయాడు, ఆ తర్వాతి ఏడాది కోవిడ్. వెనకాల వచ్చిన సూరత్ చూడండి, 2022 మేలో నీళ్లలోకి దిగింది, 2024 డిసెంబర్‌లో నేవీ చేతికొచ్చింది. ఇంఫాల్ అయితే మొదటిసారి సముద్రంలోకి వెళ్లొచ్చిన ఆరు నెలల్లోపే అప్పగించేశారు. యార్డుకి చెయ్యి తిరిగాక ఇలా ఉంటుంది.

ఇంకో సంగతి, మనవాళ్లు పెద్దగా చెప్పుకోరు గానీ, ఈ ఓడకి వాడిన డీఎంఆర్ 249ఏ స్టీలు హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ అనే రక్షణశాఖ లోహాల ల్యాబ్‌లో పుట్టిందే.

డాల్ఫిన్‌నోస్_66:
మకాం గురించి నేను చెప్తా. పేరుకీ మకాంకీ సంబంధం లేదు. ఈ నాలుగు ఓడలకీ దేశం నలుమూలల ఊళ్ల పేర్లు పెట్టారు: విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్. ఇంఫాల్‌కి సముద్రమే లేదు, మరి దాన్నెక్కడ పెట్టాలి 😀 అసలు తమాషా ఏంటంటే, ఐఎన్‌ఎస్ ముంబై అనే పాత డిస్ట్రాయర్‌ని 2023 డిసెంబర్‌లో తూర్పు నౌకాదళానికి పంపారు, అదిప్పుడు విశాఖలో ఉంటుంది. ముంబై ఇక్కడ, విశాఖపట్నం అక్కడ. 2022 ఫిబ్రవరిలో ఫ్లీట్ రివ్యూకి (రాష్ట్రపతి నౌకల్ని సమీక్షించే పరేడ్) మాత్రం మన ఓడ మన ఊరు వచ్చింది. దాని చిహ్నంలో డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్, కృష్ణజింక ఉంటాయి.

నాకున్న కంప్లైంటు వేరే. ఇంత పెద్ద ఓడకి విమానాల్నీ మిసైళ్లనీ కూల్చే బరాక్‌లు 32, ఓడల్నీ నేల మీది లక్ష్యాల్నీ కొట్టే బ్రహ్మోస్‌లు 16 మాత్రమేనా? చైనా డిస్ట్రాయర్లలో 052డీకి 64 మిసైల్ గొట్టాలు, 055కి 112. ఖాళీ చోటు లేదంటే నమ్మను.

గ్యాస్‌టర్బైన్:
చోటు ఒక్కటే కాదు బ్రదర్, డబ్బు, పైన బరువు పెరిగితే ఓడ ఊగిసలాట, అన్నీ చూడాలి. అయినా 32 తక్కువే, అక్కడ మీతో గొడవ లేదు. డ్రోన్లు గుంపుగా వచ్చే రోజులివి.

బీచ్‌రోడ్_బాబు:
థ్యాంక్సండీ, సీళ్ల సంగతి అస్సలు తెలీదు. మరి చేరాక పరేడ్లు కాకుండా అసలు పనేమైనా చేసిందా?

లంగరు:
చేసింది. చేరిన రెండు నెలల్లోపే, 2022 జనవరిలో, బ్రహ్మోస్ పేల్చి చూశారు. అది పరీక్ష అనుకోండి. అసలు పని 2024 జనవరిలో పడింది, గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో. 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ మీద యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల మిసైల్ పడింది. అందులో ఉన్నది నాఫ్తా, పెట్రోల్‌లాంటి చమురు, అగ్గిపుల్ల చాలు అంటుకోడానికి. సిబ్బంది 22 మంది మనవాళ్లు, ఒకరు బంగ్లాదేశీ. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం నుంచి పది మంది ఫైర్‌ఫైటింగ్ సామాన్లు వేసుకుని ఆ మండుతున్న ట్యాంకర్ మీదికి వెళ్లి, దాని సిబ్బందితో కలిసి ఆరు గంటలు పోరాడి మంట ఆర్పారు, మళ్లీ రాజుకుంటుందేమోనని చూస్తూ అక్కడే ఉన్నారు. అమెరికా, ఫ్రాన్స్ ఓడలు కూడా సాయం చేశాయి. దానికి వారం పది రోజుల ముందే జెన్కో పికార్డీ అనే ఇంకో ఓడకి డ్రోన్ తగిలితే వెళ్లింది కూడా ఇదే, బాంబులు తెలిసినవాళ్లు ఎక్కి దెబ్బతిన్న చోటంతా వెతికి ఇంకేం ప్రమాదం లేదన్నాకే ఆ ఓడని కదలనిచ్చారు.