హన్మకొండలో రెండంతస్తులు, మెల్‌బోర్న్‌లో ‘మొదటి ఇల్లు’: గ్రాంట్ తీసుకోవడం న్యాయమేనా?

నక్కలగుట్ట రిటైర్డ్:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి మెల్‌బోర్న్ వెళ్లి ఏడేళ్లయింది. పోయిన ఏడాది పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది. ఇప్పుడు అక్కడ ఇల్లు కొంటానంటున్నాడు. కొత్త టౌన్‌హౌస్, ఆరు లక్షల డాలర్లకు కొంచెం లోపు. మొదటి ఇల్లు కాబట్టి అక్కడి రాష్ట్రం, విక్టోరియా ప్రభుత్వం, పది వేల డాలర్ల గ్రాంట్ ఇస్తుందట, స్టాంప్ డ్యూటీ మొత్తం మాఫీ అట. “మొదటి ఇల్లు ఏందిరా, ఇక్కడ రెండంతస్తుల ఇల్లుంది, పై అంతస్తు నీ పేరునే రాసినం గదా” అంటే నవ్వాడు. ఆస్ట్రేలియాలో లేకపోతే చాలు నాన్నా, ఇండియాది లెక్కలోకి రాదన్నాడు.

నాకు రెండు సందేహాలు. చట్టం ఒప్పుకుంది సరే, న్యాయంగా ఇది సరేనా? ఇల్లున్నవాడు పోయి ఇల్లులేనివాళ్ల లైన్లో నిలబడ్డట్టు లేదా? రెండోది, వాడు నలభై లక్షలు సర్దమంటున్నాడు. దానికి హసన్‌పర్తి ప్లాట్ అమ్మాలి. 2004లో కొన్న మూడు వందల గజాలు. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక్కొక్కరు ఐదేసి నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు, తల తిరిగింది. మీరైనా రాసి చెప్పండి.

టార్నెట్ తమ్ముడు:
అంకుల్, మాది హంటర్ రోడ్డు. 2016 నుంచి మెల్‌బోర్న్‌లో ఉంటున్నా. మీ అబ్బాయి చెప్పింది నిజమే. విక్టోరియాలో గ్రాంట్ కొత్త ఇంటికే, అదీ ఏడున్నర లక్షల డాలర్ల లోపు ఉంటేనే. స్టాంప్ డ్యూటీ ఆరు లక్షల వరకు సున్నా, అక్కడి నుంచి ఏడున్నర లక్షల దాకా కొంత తగ్గింపు. ఆరు లక్షల ఇంటికి మామూలుగా కట్టాల్సిన డ్యూటీ 31 వేల డాలర్ల పైనే. అంటే గ్రాంట్ కన్నా మాఫీయే పెద్దది. అందరూ గ్రాంట్ గురించే మాట్లాడతారు, ఎందుకంటే అది అకౌంట్‌లో కనిపిస్తుంది.

కొనేవాళ్లలో ఒక్కరైనా పౌరులో పీఆర్ ఉన్నవాళ్లో అయి ఉండాలి. భార్య గానీ భర్త గానీ ముందే అక్కడ గ్రాంట్ తీసుకుని ఉంటే రాదు. కొన్నాక ఏడాది లోపల అందులోకి దిగి, కనీసం పన్నెండు నెలలు వరసగా ఉండాలి. కిరాయికి ఇచ్చేసి వేరే చోట ఉంటే గ్రాంట్ వెనక్కి కట్టించుకుంటారు, పెనాల్టీ కూడా వేస్తారు. ఇంకో మాట, ఆ పది వేలు సాధారణంగా సెటిల్‌మెంట్ రోజుకు, అంటే ఇల్లు పేరు మీదకు మారే రోజుకు గానీ చేతికి రావు. అడ్వాన్స్‌కు అవి పనికొస్తాయనుకోవద్దు.

కాజీపేట జంక్షన్:
చట్టం గురించి కాదు తమ్మీ, పెద్దాయన అడిగింది న్యాయం గురించి. మన దగ్గర ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో వడ్డీ సబ్సిడీ కావాలంటే దేశంలో ఎక్కడా, కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండొద్దు. నేను రైల్వేలో ఉండగా అప్లై చేస్తే, మా ఆవిడకు జనగామలో పుట్టింటివాళ్లు రాసిచ్చిన రెండు గదులు అడ్డమొచ్చాయి. తప్పు పట్టను, రూల్ అది. మరి విమానమెక్కితే నక్కలగుట్ట స్లాబు ఇల్లు కాస్తా గుడిసె అయిపోతుందా? అక్కడే పుట్టి, ముప్పై ఐదేళ్లొచ్చినా కిరాయింట్లో ఉంటున్న పిల్లగాడు ఏమనుకోవాలె?

టార్నెట్ తమ్ముడు:
అన్నా, మా తాత ఇంట్లో నాకు పద్నాలుగో వంతు వాటా ఉంది. గోడకు మేకు కొట్టాలన్నా మా పెదనాన్నను అడగాలి. అది ఇల్లున్నట్టా? ఏ దేశంలో ఎవరికెంత వాటా ఉందో మెల్‌బోర్న్ ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఎట్లా తేలుస్తారు? అందుకే ఆస్ట్రేలియా వరకే చూస్తారు.

ఇంకొకటి. పీఆర్ వచ్చేదాకా మమ్మల్ని ఎట్లా చూస్తారో కూడా వినండి. టెంపరరీ వీసా మీద ఉన్నవాడు ఇల్లు కొంటే విక్టోరియాలో మామూలు డ్యూటీ మీద ఇంకో 8 శాతం అదనం. 2025 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా పాత ఇళ్లు కొనడమే వాళ్లకు బంద్. పీఆర్ వచ్చాక కూడా నిరుద్యోగ భృతి కావాలంటే నాలుగేళ్లు ఆగాలి. చదువుకున్నన్నాళ్లూ అక్కడి పిల్లల కంటే ఎన్నో రెట్లు ఫీజు కట్టాం. ట్యాక్స్ మొదటి జీతం నుంచే కట్టాం. ఇన్ని అయ్యాక ఒక్కసారి ఇచ్చే పది వేల దగ్గరే మీకు న్యాయం గుర్తొస్తుందా?

జగిత్యాల గల్ఫ్ ఇల్లు:
ఈ తగువు చదువుతుంటే నవ్వొస్తుంది, కొంచెం కడుపు కూడా మండుతుంది. మా నాన్న కువైట్‌లో ఇరవై రెండేళ్లు చేశాడు. గ్రాంట్ మాట దేవుడెరుగు, అక్కడ గజం జాగ కొనే దారి కూడా లేదు. అకామా (ఉండటానికి ఇచ్చే పర్మిట్) ఉన్నన్నాళ్లు ఉండాలి, లేని రోజు పెట్టె సర్దుకోవాలి. వలస పోయినవాడిని మనిషిగా లెక్కపెట్టి, నువ్వూ ఇక్కడివాడివే, ఇల్లు కట్టుకో అనే దేశం ఉందంటే దాంట్లో తప్పేమిటో నాకైతే అర్థం కాలేదు. మా దిక్కు గల్ఫ్‌లో ఎవరైనా చనిపోతే మన సర్కారు కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తున్నది. మీ అబ్బాయి పది వేల డాలర్లు కూడా రూపాయల్లో ఐదు లక్షల పైనే అవుతాయి. వాళ్లకు ఇల్లు కొంటే వస్తాయి, మాకు పోతే వస్తాయి. తీసుకోమనండి సార్, ఇందులో ఆలోచించేదేముంది?

కాజీపేట జంక్షన్:
గల్ఫ్ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా నా ప్రశ్న అట్లనే ఉంది.

బాలసముద్రం ఎకనామిక్స్:
మీరిద్దరూ ఆ పది వేలు ఎవరికి దక్కాలని కొట్లాడుతున్నారు. అసలు అవి కొనేవాడి దగ్గర ఉంటాయా అన్నది చూడండి. ఈ గ్రాంట్ 2000 జూలైలో మొదలైంది. అప్పుడే అక్కడ జీఎస్టీ తెచ్చారు, ఇళ్ల ఖర్చు పెరుగుతుంది కాబట్టి సర్దుబాటుగా ఏడు వేల డాలర్లు ఇచ్చారు. 2008లో ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు పాత ఇంటికి 14 వేలు, కొత్త ఇంటికి 21 వేలు చేశారు. అప్పుడు ఉద్దేశం ఇల్లు లేనివాళ్ల మీద దయ కంటే కన్‌స్ట్రక్షన్ ఆగిపోకూడదని. ఇప్పుడూ కొత్త ఇంటికే ఇస్తున్నారంటే లోపలి లెక్క తెలుస్తూనే ఉంది.

కొనేవాళ్లందరి చేతిలో ఒకేసారి పది వేలు ఎక్కువుంటే, ఇళ్లు మాత్రం అన్నే ఉంటే, ఏమవుతుంది? బిల్డర్ ధరలో ఆ పది వేలు కలిసిపోతాయి. హన్మకొండలో ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. రింగ్ రోడ్డు వస్తుందని పేపర్లో పడ్డ వారానికే హసన్‌పర్తిలో గజం ధర ఎట్లా మారుతుందో మనందరం చూశాం. రోడ్డు వచ్చిందా లేదా అన్నది తర్వాత సంగతి. ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థే, ప్రొడక్టివిటీ కమిషన్, 2022లో ఇచ్చిన నివేదికలో ఇలాంటి సాయం ధరలను పెంచుతుందని, ఆ డబ్బు నిలువ నీడ లేనివాళ్ల కోసం వాడటం మేలని చెప్పింది. కాబట్టి మీవాడు తీసుకున్నా తీసుకోకపోయినా అక్కడి కిరాయి పిల్లగాడికి ఒరిగేదేం లేదు. తీసుకోకపోతే మీవాడు ఆ పెరిగిన ధర కడతాడు, గ్రాంట్ మాత్రం ఉండదు. అంతే తేడా.

సుబేదారి ఆడిటర్:
న్యాయం మీరు తేల్చుకోండి. నేను రెండో ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే నష్టం జరిగేది అక్కడే.

సార్, ప్లాట్ అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉంది. 2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి, ఇక్కడ నివాసం ఉన్నవాళ్లు 12.5 శాతం కట్టొచ్చు, లేదా ధరల సూచీ ప్రకారం కొన్న రేటును పెంచుకుని 20 శాతం కట్టొచ్చు. రెండింట్లో ఏది తక్కువైతే అది. ఆ డబ్బుతో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంటుందని ఎవరో ఒకరు చెబుతారు. ఉంటుంది, కానీ ఇండియాలో కొంటేనే. మెల్‌బోర్న్ ఇంటికి వర్తించదు.

తర్వాత పంపడం. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే రిజర్వ్ బ్యాంకు స్కీం) కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల దాకా పంపొచ్చు, అది సమస్య కాదు. కానీ ఏడాదిలో పది లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. నలభై లక్షలు ఒకే పాన్ మీద పంపితే ముప్పై లక్షల మీద ఆరు లక్షలు అదనంగా కట్టాలి. ఆ డబ్బు పోదు, రిటర్న్ వేశాక సర్దుబాటో రీఫండో అవుతుంది. కానీ అన్నాళ్లు ఆగుతుంది. భార్యాభర్తలు చెరి ఇరవై పంపితే ఆగేది నాలుగు లక్షలే. ఇంతకీ ప్లాట్ ఎవరి పేరున ఉంది?

నక్కలగుట్ట రిటైర్డ్:
ఆడిటర్ గారూ, మీరన్న ఈ ఎల్‌ఆర్‌ఎస్ దగ్గరే నిన్న బ్యాంకులో పరువు పోయింది. కౌంటర్‌లో అమ్మాయి “ఎల్‌ఆర్‌ఎస్ ఫారం నింపాలి సార్” అంది. “2020లోనే వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేశానమ్మా, పోయినసారి 25 శాతం తగ్గించినప్పుడు ఫీజు కూడా కట్టేశాను” అని ప్లాట్ రెగ్యులరైజేషన్ రసీదు తీసి చూపించాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక పక్క కౌంటర్‌కు వెళ్లిపోయింది.

సుబేదారి ఆడిటర్:
వరంగల్‌లో వారానికి ఒకరైనా ఇట్లా నా దగ్గరికి వస్తారు సార్. ఒకటి జాగ సర్కారుకు చూపించుకునే ఎల్‌ఆర్‌ఎస్, ఇంకొకటి పైసలు బయటికి పంపే ఎల్‌ఆర్‌ఎస్.

హసన్‌పర్తి వాసి:
కాజీపేట అన్నకు ఒక ప్రశ్న. మన రైసు మిల్లుల్లో బస్తాలు మోసేది బీహార్ హమాలీలు. పెద్దపల్లి, కరీంనగర్ దిక్కు ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు. మా ఇంటికి టైల్స్ వేసింది కూడా అటువాళ్లే, తొమ్మిదేళ్లుగా భీమారంలో రేకుల షెడ్డులో ఉంటున్నారు. వాళ్లకు ఐదు లక్షల ఇందిరమ్మ ఇల్లు ఇద్దామని రేపు సర్కారు అంటే, ఇక్కడ ఎంతమంది సరే అంటాం? “మనోళ్లకే దిక్కులేదు, వాళ్లకెందుకు” అనమా? నేనే అంటానేమో, అబద్ధం చెప్పను. మెల్‌బోర్న్‌లో మనవాడికి ఇస్తే మాత్రం హక్కు అంటాం.

కాజీపేట జంక్షన్:
అందుకే గదా నేను రెండు చోట్లా ఒకటే మాటంటున్న. నాకు ఇల్లుందని సబ్సిడీ రాలేదు, సరే. అదే కొలత అందరికీ పెట్టాలె. నీ టైల్స్ మేస్త్రికి వాళ్ల ఊళ్లో ఇల్లు లేకపోతే ఇక్కడ ఇవ్వాలె. ఉంటే వద్దు.

టార్నెట్ తమ్ముడు:
అంటే ఊళ్లో కూలిపోతున్న ఇల్లు ఒకటి పేరు మీదుంటే, పని దొరికే చోట జన్మంతా రేకుల కింద ఉండాలా అన్నా? ఇల్లు ఉండటం వేరు, ఉండే చోట ఇల్లు ఉండటం వేరు. గ్రాంట్‌లో ఆ పన్నెండు నెలల షరతు పెట్టింది అందుకే. నీకు ఎక్కడెక్కడ ఏముందో వాళ్లకు అక్కర్లేదు, ఇక్కడ ఉంటావా లేదా అనే అడుగుతున్నారు.

కాజీపేట జంక్షన్:
ఇది కొంచెం ఆలోచించే మాటే. పూర్తిగా ఒప్పుకోను గానీ, పొద్దున ఉన్నంత కోపం ఇప్పుడు లేదు.

కరీంనగర్ కిరాయి:
నక్కలగుట్ట అంకుల్, నేను మొదటి నుంచి చదువుతున్నా. ఆడిటర్ గారు ప్లాట్ ఎవరి పేరున ఉందని అడిగితే మీరు బ్యాంకు జోకు చెప్పారు, జవాబు చెప్పలేదు. నేను ఇంకొకటి అడుగుతా. మీకు అమ్మాయి ఉందా? ఉంటే ఆమె ఎక్కడ ఉంటుంది? మా ఇంట్లో అన్నయ్య అమెరికా ఇంటి కోసం ఇట్లనే మడికొండ దగ్గర జాగ అమ్మారు. నేను ఏడో కిరాయింట్లో ఉన్నా. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. ఇప్పుడు ఆ జాగ ముందు నుంచే బస్సులో పోతుంటా.

టార్నెట్ తమ్ముడు:
అక్కా, ఈ మాట నాకు తట్టనే లేదు. అంకుల్, ఒక లెక్క చెప్తా వినండి. ఇప్పుడు పీఆర్ ఉన్నవాళ్లకు 5 శాతం డిపాజిట్‌తోనే లోన్ దొరికేలా ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం గ్యారంటీ ఇస్తోంది. 20 శాతం లేకపోతే పడే ఇన్సూరెన్స్ ఖర్చు కూడా తప్పుతుంది. ఆరు లక్షల ఇంటికి 5 శాతం అంటే ముప్పై వేల డాలర్లు. ఏడేళ్లు పని చేసినవాడి దగ్గర అది ఉండాలి. మీ నలభై లక్షలు లేకపోయినా ఇల్లు వస్తుంది. అవి ఉంటే లోన్ తగ్గుతుంది, నెల నెలా వాయిదాల టెన్షన్ తగ్గుతుంది. అంటే అవసరం వేరు, సౌకర్యం వేరు. మీవాడిని ఏది అని అడగండి.

నక్కలగుట్ట రిటైర్డ్:
రెండు రోజులు రాయలేదు, క్షమించాలి.

ప్లాట్ మా ఆవిడ పేరున ఉంది. 2004లో ఆమె గొలుసు, గాజులు అమ్మగా వచ్చిన దాంతోనే సగానికి పైగా కట్టాం. అమ్మాయి ఉంది, ఆమె కూడా కరీంనగర్‌లోనే, ఆమె కూడా కిరాయింట్లోనే. ఇక్కడ ఇంతమందిని అడిగాను గానీ ఇంట్లో ఆ ఇద్దరినీ అడగలేదు.

నిన్న మా ఆవిడకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. గ్రాంట్ సంగతి ఆమెకు పెద్దగా పట్టలేదు. “ఇచ్చేటోడు ఇస్తుంటే తీసుకోనీ” అంది. పన్నెండు నెలల షరతు దగ్గర మాత్రం ఆపి మళ్లీ చదవమంది. “పది వేలు ఇచ్చిన సర్కారే ఏడాది ఆ ఇంట్ల ఉండమని కండిషన్ పెట్టింది. నలభై లక్షలు ఇచ్చే మనం ఏం కండిషన్ పెట్టినం?” అని అడిగింది. నేను మాట్లాడలేదు.

కాసేపటికి తనే చెప్పింది. ఎఫ్‌డీలో ఉన్న తొమ్మిది లక్షలు పంపుదాం, పది దాటకపోతే బ్యాంకు ఏం పట్టుకోదన్నారు కదా. జాగ ఉండనీ, దాని సంగతి దసరాకు అమ్మాయి వచ్చినంక మాట్లాడుదాం అంది. అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ అర్ధరాత్రి దాటింది. పొద్దున ఆమెతోనే ఫోన్ చేయిస్తాను.