ఆట మానేశాక కోచింగ్: నేరుగా హెడ్ కోచ్‌గానా, అసిస్టెంట్‌గానా?

లెఫ్ట్‌బ్యాక్3 (ప్రశ్న):
ఈ సీజన్‌తో ఆట ముగిస్తున్న ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ డిఫెండర్‌కు యూరప్‌లో రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి కింది డివిజన్ జట్టుకు హెడ్ కోచ్, రెండోది పెద్ద క్లబ్బులో అండర్-17 జట్టుకు అసిస్టెంట్. చేతిలో ఉన్నది యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) బి లైసెన్సు ఒక్కటే. ఏది మేలు? బాగా ఆడినవాళ్లు కోచ్‌లుగా మొదట్లో ఎక్కడ తడబడతారు?

టచ్‌లైన్:
ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి. యూఈఎఫ్ఏ లెక్కలో బి కోర్సు కనీసం 120 గంటలు, దాని పైది 'ఏ' 180, అన్నిటికన్నా పైది ప్రో 360. అసలు ఆలస్యం ఈ గంటల్లో లేదు. బి వచ్చాక జట్టుతో పనిచేసిన అనుభవం చూపిస్తేనే 'ఏ' కోర్సులోకి తీసుకుంటారు, 'ఏ' నుంచి ప్రోకూ అంతే. వచ్చిన లైసెన్సును మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, ఆలోపు కనీసం 15 గంటల తరగతులకు హాజరవ్వాలి. ఆ డివిజన్‌లో హెడ్ కోచ్‌కు ఏ స్థాయి లైసెన్సు కావాలో సంతకం పెట్టకముందే ఫెడరేషన్ నిబంధనల్లో చూడండి. ఫ్రాన్స్ దిగ్గజ ఆటగాడు జిదాన్ అంతటివాడికే 2014లో రియల్ మాడ్రిడ్ రిజర్వ్ జట్టు దగ్గర ఈ విషయంలో మూడు నెలల నిషేధం పడింది. అప్పీలులో అమలు ఆగింది కాబట్టి సరిపోయింది.

హాఫ్‌స్పేస్:
తడబడేది ఎక్కువగా సాధన సెషన్‌లోనే. ఏళ్ల తరబడి అప్రయత్నంగా చేసినదాన్ని మాటల్లో పెట్టడం రాదు. బంతి రాకముందు భుజం మీదుగా ఎప్పుడు చూడాలి, ఒళ్లు ఎటు తిప్పి అందుకోవాలి అన్నది విడదీసి చెప్పలేక, "ఇలా" అని తామే చేసి చూపిస్తారు. లేదా ఆటలో తామూ దిగుతారు. బంతి వెనక పరుగెత్తేవాడికి అవతలి వైపు ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) ఎక్కడ నిలబడ్డాడో కనిపించదు.

రెండో తప్పు, మాటిమాటికీ ఆట ఆపడం. గోల్‌కీపర్లు కాక నలుగురికి నలుగురు, 30×25 మీటర్ల స్థలం, నాలుగు నిమిషాల చొప్పున నాలుగు ఆటలు, మధ్య మూడు నిమిషాల విరామం పెట్టారనుకోండి. ఒక్కో ఆటలో మూడుసార్లు ఆపితే గుండె వేగం పడిపోతుంది, ఓపిక పెంచడానికి పెట్టిన సాధన కాస్తా నడకగా మారుతుంది. ఒక్కసారికి మించి ఆపకండి, ఆపినా 20 సెకన్లలో ముగించండి. మిగతాది విరామంలో చెప్పండి.

మూడోది కొలతలు. స్థలం చిన్నదైతే ఆగడాలు, మలుపులు ఎక్కువ, భారం తొడ ముందు భాగం మీదా గజ్జల మీదా పడుతుంది. పెద్దదైతే పూర్తి వేగంతో పరుగులు వస్తాయి, భారం హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) మీదకు మారుతుంది. అందుకే మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు చిన్న స్థలం, మూడు రోజుల ముందు పెద్దది పెడతారు. మ్యాచ్ ముందురోజు పెద్ద మైదానంలో పరుగులు పెట్టిస్తే కాళ్లు బరువెక్కి బరిలో దిగుతారు.

టచ్‌లైన్:
ఇటలీకి చెందిన కోచ్ ఆంచెలొట్టి దారి చూడండి. 1992లో ఆట మానేసి ఇటలీ జట్టులో కోచ్ సాకీకి అసిస్టెంట్‌గా చేరాడు, 1994 ప్రపంచకప్ ఫైనల్ ఆ బెంచీ మీద నుంచే చూశాడు. 1995లో రెండో డివిజన్‌లో ఉన్న రెజ్జానా పగ్గాలు తీసుకుని మొదటి సీజన్‌లోనే పై డివిజన్‌కు చేర్చాడు. అయినా గురువు దగ్గర నేర్చిన 4-4-2 అమరికను (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) పట్టుకుని, పార్మాలో ఉండగా అందులో ఇమడడని స్టార్ ఆటగాడు బాజియోను వద్దనుకున్నాడు. యువెంటస్‌కు వెళ్లాక జిదాన్ కోసం ఆ అమరికనే మార్చుకున్నాడు. తర్వాత మిలాన్‌లో మిడ్‌ఫీల్డర్ పిర్లోను డిఫెన్స్ ముందుకు దించి ఆడించాడు. ఇప్పటికి కోచ్‌గా ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు. అసిస్టెంట్‌గా నేర్చుకున్న పద్ధతి మొదలుపెట్టడానికి పనికొస్తుంది, చేతిలో ఉన్న ఆటగాళ్లకు తగ్గట్టు దాన్ని విప్పి మళ్లీ కట్టుకోవాలి.

లెఫ్ట్‌బ్యాక్3:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. కింది డివిజన్ క్లబ్బులో ఫిట్‌నెస్ కోచ్ లేడు, వీడియో తీసే మనిషీ లేడు. ఆటగాళ్లను ఎంచుకునేది యజమానే.

హాఫ్‌స్పేస్:
అయితే అండర్-17కే వెళ్లండి. ఎంపిక చేతిలో లేని హెడ్ కోచ్ నాలుగు ఓటములకే ఇంటికి పోతాడు, తప్పెక్కడ జరిగిందో చూసుకోవడానికి వీడియో కూడా ఉండదు. వెళ్లేముందు మాత్రం ఒక షరతు పెట్టండి: వారానికి కనీసం ఒక సెషన్ మొత్తం మీరే రాసి, మీరే నడపాలి. కోన్లు సర్దే అసిస్టెంట్‌గా ఉండిపోతే 'ఏ' కోర్సులో అడిగే సెషన్ పత్రాలు మీ దగ్గర ఉండవు.