బఫర్ ఆన్ చేస్తే ఒక్క శాంపిల్ వచ్చి ఆగిపోతోంది, ఏడీసీ డ్రైవర్ తెలిసినవాళ్లు చూడండి

ఉండి చెరువుగట్టు:
పొద్దున్నించీ దీనితోనే సరిపోయింది, అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్పు) డ్రైవర్‌కి లైనక్స్ ఐఐఓలో (సెన్సర్లు చదివే కెర్నల్ భాగం) బఫర్ కలిపాను. మామూలుగా ఇన్_వోల్టేజ్0_రా చదివితే విలువ చక్కగా వస్తోంది. బఫర్ ఎనేబుల్ చేసి క్యాట్ కొడితే ఒక్క శాంపిల్ వచ్చి ఇక కదలట్లేదు. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) ఎర్రర్ అన్న మాటే లేదు. డాక్యుమెంటేషన్‌లో ఉన్నది ఉన్నట్టే చేశాను. ఎవరికైనా ఇలా అయిందా?

పాత ఎంబెడెడ్:
ఏ చిప్పు? ఏ బోర్డు? కెర్నల్ ఎంత? ట్రిగర్ ఏది?

కాకినాడ సర్క్యూట్:
అసలు దీనికి లైనక్స్ ఎందుకండీ? ఒక ఈఎస్పీ32 (చిన్న మైక్రోకంట్రోలర్) పడేస్తే సాయంత్రానికి పనైపోతుంది. చీమని కొట్టడానికి ట్రాక్టర్ తెచ్చుకుని, ఇప్పుడు ట్రాక్టర్ స్టార్టవ్వట్లేదంటున్నారు.

అమలాపురం బీటెక్:
బఫర్/లెంగ్త్ ఎంతుందో చూడండన్నా. డిఫాల్ట్‌గా 2 ఉంటుంది. 1024 చేస్తే వచ్చేస్తుందేమో.

ఉండి చెరువుగట్టు:
లెంగ్త్ 1024 చేశాను తమ్ముడూ, అదే వరస. చిప్పు ఎంసీపీ3208. రాస్ప్‌బెర్రీ పై 4, కెర్నల్ 6.6. ట్రిగర్ హెచ్ఆర్‌టైమర్, అంటే కెర్నల్ టైమరే, కాన్ఫిగ్‌ఎఫ్ఎస్‌లో చేసుకున్నదే, 2000 హెర్ట్జ్. రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్ల కరెంటు చూడాలి, మూడు ఫేజులకీ మూడు సీటీలు (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు). ఫైల్లోకి మళ్లిస్తే సరిగ్గా 16 బైట్లు, అంతే.

పాత ఎంబెడెడ్:
లెంగ్త్ చిన్నదైతే శాంపిళ్లు రాలిపోతాయి, ఆగిపోవు. హ్యాండ్లర్‌లో (ట్రిగర్ కొట్టినప్పుడు నడిచే ఫంక్షన్) పనైపోయిందని చెప్పే ఐఐఓ_ట్రిగర్_నోటిఫై_డన్ పిలిచారా?

మోటారు వైండింగ్, భీమవరం:
ఆయ్, సీటీలన్నారు కాబట్టి ఒక మాట. మోటారు తిరుగుతుండగా సీటీ సెకండరీ వైర్లు ఎప్పుడూ ఊడదీయకండి. లోపల లోడు లేకుండా వదిలేస్తే ఆ కొసల దగ్గర వోల్టేజీ ఎగబాకిపోద్ది, షాకు కొడద్ది, సీటీ కూడా పోద్ది. బర్డెన్ రెసిస్టర్ (సీటీ కొసల మధ్య పెట్టే లోడు) కదలకుండా సోల్డర్ చేసెయ్యాలి, బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి గట్టు మీద పెట్టకూడదు. అయినా ఫేజు పోతే మోటారు కాలకుండా ఉండాలంతే కదండీ, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ దొరుకుద్ది కదా బజార్లో. దానికి ఇంత చదువెందుకు?

ఉండి చెరువుగట్టు:
ప్రివెంటర్ ఉందండీ. వోల్టేజీ చూసే రకం. తిరుగుతున్న మోటారుకి ఒక ఫేజు పోతే, పోయిన ఫేజు మీద మోటారే తిరుగు వోల్టేజీ పుట్టిస్తుంది. ప్రివెంటర్‌కి మూడూ ఉన్నట్టే కనిపిస్తాయి. మిగతా రెండు ఫేజులు కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ మాడిపోతుంది. తెల్లారుజామున డీఓ (నీళ్లలో ఆక్సిజన్) పడిపోయే టైములో ఏరేటర్ ఆగితే వనామీ రొయ్య పైకి తేలిపోతుంది, తర్వాత చేసేదేం లేదు. అందుకే కరెంటు చూడాలి. గేర్‌బాక్స్ పట్టేసినా, రెక్క విరిగినా కరెంటు తరంగంలో తేడా తెలుస్తుందని ఆశ.

మోటారు వైండింగ్, భీమవరం:
అది నిజమే లెండి. కరెంటు చూసే రిలేలు కూడా ఉన్నాయి మరి. బర్డెన్ ఎన్ని ఓములు పెట్టారు?

కాకినాడ సర్క్యూట్:
నా మాట ఒకటుంది. దీన్ని బఫర్డ్ శాంప్లింగ్ అనడమే తప్పు. ప్రతి శాంపిల్‌కీ సీపీయూ లేచి ఎస్పీఐ (చిప్పుతో మాట్లాడే వైర్ల లింకు) మీద అడుక్కోవాలి. ఆ చిప్పులో ఫిఫో (శాంపిళ్లు దాచుకునే క్యూ) లేదు, ఇటు డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా డేటా తెచ్చే దారి) లేదు. మూడు ఛానెళ్లూ ఒక్క క్షణంలో కూడా తియ్యదు, ఒకదాని తర్వాత ఒకటి.

పాత ఎంబెడెడ్:
ఐఐఓలో బఫర్ అంటే యూజర్‌స్పేస్‌కి (మామూలు ప్రోగ్రాములు నడిచే వైపు) వెళ్లే దారిలో ఉన్న కేఫిఫో, కెర్నల్ క్యూ. శాంపిల్ ఎప్పుడు తీయాలన్నది ట్రిగర్ పని. రెండూ కలిపి మాట్లాడకండి. ఛానెల్‌కి 24 క్లాకులు, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 24 మైక్రోసెకన్లు, మూడింటికి 72. ఎస్పీఐ డ్రైవర్ ఖర్చు దాని మీద వేసుకున్నా 2000 హెర్ట్జ్‌కి 500 ఉన్నాయి. 50 హెర్ట్జ్ కరెంటుకి ఆ తేడా కొంప ముంచదు.

కాకినాడ సర్క్యూట్:
ఐఐఓ వాళ్లు బఫర్ అన్నంత మాత్రాన చిప్పు మారదుగా.

పాత ఎంబెడెడ్:
మారదు. @ఉండి చెరువుగట్టు, నేనడిగినదానికి జవాబు రాలేదు.

ఉండి చెరువుగట్టు:
నోటిఫై_డన్ ఉందండీ, పిలుస్తున్నాను. అది కాదు సమస్య.

పాత ఎంబెడెడ్:
హ్యాండ్లర్ పెట్టండి.

ఉండి చెరువుగట్టు:
ఫోన్లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా, సర్దుకోండి. పైన లూప్‌లో మూడు ఛానెళ్లూ చదివి స్కాన్‌లో పెడతాను. తర్వాత:

రెట్ = ఐఐఓ_పుష్_టు_బఫర్స్_విత్_టైమ్‌స్టాంప్(ఇండియో_డెవ్, &డేటా->స్కాన్, పీఎఫ్->టైమ్‌స్టాంప్);
ఇఫ్ (రెట్ <= 0)
　　రిటర్న్ ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్;
ఐఐఓ_ట్రిగర్_నోటిఫై_డన్(ఇండియో_డెవ్->ట్రిగ్);
రిటర్న్ ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్;

అమలాపురం బీటెక్:
బాగానే ఉందిగా అన్నా?

పాత ఎంబెడెడ్:
బాలేదు. పుష్ సవ్యంగా జరిగితే సున్నా ఇస్తుంది, ఎన్ని బైట్లు రాసిందో కాదు. సున్నా రాగానే మీ ఇఫ్ పట్టుకుని వెనక్కి పంపేసింది. నోటిఫై_డన్ దాకా ఎప్పుడూ వెళ్లలేదు.

ట్రిగర్ లోపల యూజ్_కౌంట్ (ఇంకా పని ముగించని వాళ్ల లెక్క) ఉంటుంది. అది సున్నాకి దిగితేనే ట్రిగర్_పోల్ మళ్లీ హ్యాండ్లర్‌ని లేపుతుంది. మీరు దించలేదు. టైమర్ తన మానాన తను కొడుతూనే ఉంది, ఇటు ఎవరూ లేవట్లేదు. కెర్నల్ దృష్టిలో అది ఎర్రర్ కాదు, "హ్యాండ్లర్ ఇంకా పనిలో ఉంది" అనుకుంటుంది. అందుకే డీమెసేజ్ ఖాళీ.

ఆ ఇఫ్ తీసెయ్యండి. ఎస్పీఐ చదవడం ఫెయిలైనా గోటూ డన్ అని నోటిఫై_డన్ మీదుగానే బయటికి రావాలి. వేరే దారి ఉండకూడదు.

చూశాను కాబట్టి మిగతావీ చెప్తాను. మూడు 16-బిట్ విలువలు 6 బైట్లు, తర్వాత 2 ఖాళీ, ఆపైన 8 బైట్ల టైమ్‌స్టాంప్, అలా 16. స్ట్రక్చర్‌లో టైమ్‌స్టాంప్‌కి ఎలైన్డ్(8) మీరే రాయండి, అన్ని ప్లాట్‌ఫారాల మీదా దానంతటదే అలా కూర్చోదు. ఆ 2 ఖాళీ బైట్లూ ముందే సున్నా చెయ్యండి, లేకపోతే కెర్నల్ మెమరీ తునకలు బయటికి పోతాయి. మీరు ఎప్పుడూ మూడు ఛానెళ్లూ చదువుతున్నారు. ఎవరైనా రెండే ఎనేబుల్ చేస్తే విలువలు తారుమారవుతాయి. అవైలబుల్_స్కాన్_మాస్క్స్‌లో మూడూ కలిపి ఒకే మాస్క్ ఇస్తే కావలసినవి ఐఐఓ కోర్ తనే విడదీసిస్తుంది. బఫర్ నడుస్తుండగా రా చదవబోతే ఈబిజీ (బిజీగా ఉన్నానన్న ఎర్రర్) ఇవ్వాలి, రీడ్_రా‌లో డైరెక్ట్ మోడ్ క్లెయిమ్ చేశారా?

కాకినాడ సర్క్యూట్:
ఇన్ని జాగ్రత్తలు. ఈఎస్పీ32 అయితే ఇవేవీ ఉండవు.

పాత ఎంబెడెడ్:
దాని ఏడీసీ రీడింగు సరళరేఖలో రాదు. మీరు పెట్టుకోండి.

మోటారు వైండింగ్, భీమవరం:
సీటీ అవుటు మైనస్‌కి కూడా ఎళ్లుద్ది కదండీ, ఏడీసీకి మైనస్ ఇస్తే పాడవదా? మధ్యలో 1.65 వోల్టుల మీద కూర్చోబెట్టారా? బర్డెన్ సంగతి ఇంకా చెప్పలేదు.

ఉండి చెరువుగట్టు:
ఆగకుండా వస్తున్నాయండీ ఇప్పుడు. థ్యాంక్స్. ఆ 1.65 బయాస్ ఉంది. కానీ టైమ్‌స్టాంపుల మధ్య తేడా 500 మైక్రోసెకన్ల దగ్గర నిలవట్లేదు, అటూ ఇటూ ఊగుతోంది. ఇది మామూలేనా?

కాకినాడ సర్క్యూట్:
ఊగక ఏం చేస్తుంది. డీఎంఏ లేదని ముందే చెప్పాను.

అమలాపురం బీటెక్:
టైమ్‌స్టాంప్ టాప్ హాఫ్‌లో (ఇంటరప్ట్ రాగానే నడిచే భాగం) తీస్తున్నారా, ఆ తర్వాత నడిచే థ్రెడ్‌లోనా అన్నా? ఐఐఓ_పోల్‌ఫంక్_స్టోర్_టైమ్ ఇచ్చారా సెటప్‌లో?

ఆకివీడు రైతు:
ఇదంతా నాకర్థం కాలేదు గానీ, మా చెరువుల మీద కూడా పెడతారా అండీ? మోటారుకి ఎంతవుద్ది?

మోటారు వైండింగ్, భీమవరం:
బర్డెన్ ఎన్ని ఓములండీ?