"సర్పిలాకార నీహారిక": తప్పా, పాత మాటా?

ప్రశ్న: మావాడి ప్రాజెక్టు కోసం ఇంట్లో ఉన్న పాత సైన్సు పుస్తకం తీశాను. "ఆండ్రోమెడా ఒక సర్పిలాకార నీహారిక" అని ఉంది. వాడి పాఠంలోనేమో నీహారిక అంటే వాయువు, ధూళి కలిసిన మేఘం. ఏది రైటు? పైగా వాడు "నీహారికలు గెలాక్సీల మధ్యలో పుడతాయి" అని రాసుకొచ్చాడు. వాక్యం కాస్త చూడండి.

జవాబు: రెండూ రైటేనండీ, కాలం వేరు. నీహారమంటే మంచు. టెలిస్కోపులో మసగ్గా కనబడ్డ ప్రతిదాన్నీ ఒకప్పుడు నెబ్యులా అనేవారు, ఆ లాటిన్ మాటకూ అర్థం మంచూ మబ్బే. ఆండ్రోమెడా మన పాలపుంతలోదా, బయటిదా అని 1920లో వాషింగ్టన్‌లో షాప్లీ, కర్టిస్ అనే ఇద్దరు ఖగోళశాస్త్రవేత్తలు వాదించుకున్నారు, తేలలేదు. 1923లో హబుల్ అనే మరో ఖగోళశాస్త్రవేత్త అందులో ఒక సెఫీడ్ నక్షత్రాన్ని పట్టుకున్నాడు. సెఫీడ్ ఎన్ని రోజులకోసారి వెలిగి తగ్గుతుందో చూస్తే దాని అసలు కాంతి తెలుస్తుంది, దాన్నిబట్టి దూరం. లెక్క కడితే ఆండ్రోమెడా పాలపుంత పొలిమేర దాటి ఎక్కడో తేలింది, అంటే అది మేఘం కాదు, మన పాలపుంతలాంటి మరో గెలాక్సీ. ఇప్పటి లెక్క సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. తమాషా ఏమిటంటే, హబుల్ ఆ తర్వాత కూడా నెబ్యులా అనే రాశాడు, 1936 నాటి తన పుస్తకం పేరులో సహా. మీ పాత పుస్తకం రాసినాయన్ని తప్పుపట్టకండి.

ఇంకొకరి జవాబు: గెలాక్సీని పాలపుంత అనేస్తే పోలా?

జవాబు: అది మనదాని ఒక్కదాని పేరు కదా. మా గోదావరి వైపు చేల మధ్య బండిదారిని పుంత అంటాం, ఆకాశంలో కనబడే తెల్లటి దారి పాలపుంత. పత్రికల్లో "పాలపుంతలు" చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నదులన్నిటినీ గంగలంటామా?

జవాబు: అంటాం! గోదావరిని దక్షిణ గంగ అనరూ?

జవాబు: వాక్యం సంగతి అందరూ మరిచారు. "గెలాక్సీల మధ్యలో" అంటే రెండు గెలాక్సీల నడుమ అనీ వస్తుంది, గెలాక్సీ నడిబొడ్డున అనీ వస్తుంది. రెండూ పూర్తిగా కుదరవు. సర్పిలాకార గెలాక్సీలో నక్షత్రాలు పుట్టే నీహారికలు ఎక్కువగా దాని చేతుల వెంబడే, అంటే మెలితిరిగిన పాయల వెంబడే ఉంటాయి. అక్కడ చల్లటి వాయువు ఒత్తుకుపోయి కొత్త నక్షత్రాలు పుడతాయి, వాటి అతినీలలోహిత కాంతికి చుట్టూ ఉన్న హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతుంది. శీతాకాలం రాత్రి మృగశిర వైపు చూడండి. వరసగా మూడు చుక్కలు, వాటి కింద కత్తిలా వేలాడేవాటిలో మధ్యది మసగ్గా ఉంటుంది. అదే ఓరియన్ నీహారిక, సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. నడిబొడ్డున అసలు లేవని కాదు, పాలపుంత కేంద్రం దగ్గరే సాజిటేరియస్ బి2 అనే భారీ మేఘం ఉంది.

దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో ముసలి నక్షత్రాలే ఎక్కువ, చల్లటి వాయువు బహుతక్కువ. అందుకే అలాంటి నీహారికలు అరుదు. క్రమరహిత గెలాక్సీలను చిన్నచూపు చూడొద్దు. పెద్ద మాజెల్లానిక్ మేఘం (పేరుకే మేఘం, అదో క్రమరహిత గెలాక్సీ)లోని టరాంటులా నీహారిక గనక ఓరియన్ నీహారిక ఉన్నంత దగ్గర్లో ఉంటే, దాని వెలుగుకు రాత్రిపూట నీడలు పడేవంటారు!

ప్రశ్న అడిగినవారు: మరి "గ్రహ నీహారిక" ఏ గెలాక్సీలో ఉంటుంది?

జవాబు: అన్నిట్లోనూ, దీర్ఘవృత్తాకారాల్లో కూడా. సూర్యుడిలాంటి నక్షత్రం చివరిదశలో పైపొరలు వదిలేస్తే ఏర్పడేది అది, నక్షత్రాల పుట్టుకతో పనిలేదు. గ్రహాలతోనూ పనిలేదు. 1780లలో విలియం హెర్షెల్ అనే ఖగోళశాస్త్రవేత్తకు గ్రహబింబంలా గుండ్రంగా కనబడి ఆ పేరు పెట్టాడు, మనం ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాం. ఆ పేరు మార్చి రాస్తే "మావాడికి మార్కులు పోతాయి" అంటారేమో, అదే రాయించి పక్కన "గ్రహాలతో సంబంధం లేదు" అని ఒక ముక్క చేర్పించండి. అసలు వాక్యం మాత్రం ఇలా మార్చండి: "సర్పిలాకార గెలాక్సీలలో నక్షత్రాలు పుట్టే నీహారికలు ఎక్కువగా వాటి చేతులలో కనిపిస్తాయి."