ఆడుబాన్ జంతుచిత్రాల సంపుటాలను విడదీసి అమ్మడం సమంజసమేనా?

గ్రంథప్రియ: పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ ఉత్తర అమెరికా చతుష్పాదాల సంపుటాలను కొందరు పాత పుస్తకాల వ్యాపారులు కొని, కుట్లు విప్పి, చేతిరంగులు వేసిన బొమ్మలను విడివిడిగా అమ్ముతున్నారు. నూట డెబ్బై ఏళ్లకు పైగా నిలిచిన పుస్తకాన్ని గోడకు తగిలించుకోవడం కోసం చీల్చడం నా దృష్టిలో విధ్వంసమే.

శిలాముద్ర: అన్ని ముద్రణలనూ ఒకే గాటన కట్టకూడదండి. 1845–48 మధ్య వెలువడిన పెద్ద ఫోలియో, అంటే చాలా పెద్ద కాగితాల ముద్రణ, పుట్టుకతో పుస్తకం కాదు. ఫిలడెల్ఫియాలో జె. టి. బోవెన్ రాతి మీద అచ్చువేసి రంగులు వేయించిన 150 బొమ్మలు, విడతకు ఐదు చొప్పున 30 విడతలుగా చందాదారుల ఇళ్లకు చేరాయి. బైండు చేయించుకోవడం వారి పనే. ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ బాక్‌మన్ రాసిన వివరణ కూడా వేరుగా మూడు సంపుటాలుగా వచ్చింది. కాబట్టి అప్పటికే కొన్ని బొమ్మలు పోయిన ఫోలియో నుంచి మొదటి బొమ్మ అయిన అడవిపిల్లిని విడిగా అమ్మితే, దాని అర్థమేమీ చెడదు. అడుగున చిత్రకారుడి పేరు, బోవెన్ పేరు ఆ కాగితం మీదే ఉంటాయి. అసలు బొమ్మల్లో దాదాపు సగం ఆడుబాన్ కొడుకు జాన్ వుడ్‌హౌస్ గీసినవేనన్న సంగతిని మాత్రం అమ్మేవారు తరచూ దాటవేస్తారు.

గ్రంథప్రియ: మరి రంగుల మాటేమిటి? జంతువు వెంట్రుకల గీతలు రాతి అచ్చువి, వాటి మీది పలుచని పూత నీటిరంగు. మూసిన పుస్తకంలో వెలుతురు తగలక తాజాగా మిగిలిన ఆ పూత, కిటికీ ఎదుటి గోడమీద ఏళ్ల తరబడి ఉంటే వెలిసిపోతుంది.

శిలాముద్ర: నిజమే. అయితే అది ఫ్రేమును ఎక్కడ తగిలించాలన్న ప్రశ్న. విడదీయడంలోని అసలు నష్టం ఆక్టావో, అంటే చిన్న కాగితాల ముద్రణది. 1849–54 నాటి ఆ చిన్న సంపుటాల్లో 155 బొమ్మలూ బాక్‌మన్ వచనమూ కలిసే ఉన్నాయి. బొమ్మకు కొనేవాడు దొరుకుతాడు, వచనానికి దొరకడు. ఆ జంతువు ఏం తింటుందో, ఎక్కడ తిరుగుతుందో చెప్పే పుటలు చిత్తుకాగితాల పాలవుతాయి. పూర్తి ఆక్టావోను విడదీయడాన్ని నేనూ సమర్థించను.

గ్రంథప్రియ: సంపుటం ముందే అసంపూర్ణమని ప్రతి వ్యాపారీ చెబుతాడు కదా!

శిలాముద్ర: అందుకే విడదీయకముందు తీసిన సంపుటం ఫోటోలు, అందులో లేని బొమ్మల జాబితా అడగాలి. చూపలేని వారి దగ్గర నేను ఆక్టావో బొమ్మ కొనను.