“ఇరవై వెళ్ళి ఇరవై ఒకటి వచ్చింది” అంటే వయసెంత?

ఏలూరు నుంచి, ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మ నోటి నుంచి వచ్చిన ఒక్క మాటతో మా ఇంట్లో రెండు రోజులు ఎవరికీ అన్నం సహించలేదు. ఆ మాట గురించే అడుగుదామని వచ్చాను.

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడి సిటిజన్ అయ్యాక 2006లో, మేమూ అమెరికా వచ్చి స్థిరపడేందుకు వీసా కోసం నాకు పిటిషన్ వేసింది. తోబుట్టువులకి వేసే ఎఫ్-4 అది. అప్పట్లో ఆ సంగతి వీధిలో తెలిసి పక్కింటాయన నన్ను గోడవారకి పిలిచి, “అక్క నీ మీద పిటిషన్ వేసిందటగా, పొలం గొడవేనా?” అని అడిగాడు. “నా మీద” కాదండీ, “నాకు” అని విభక్తి సరిచేసి పంపాను. అది వేరే చర్చ.

పంతొమ్మిదేళ్ళకి, అంటే ఈ 2025లో, మా వంతు వచ్చింది. అక్క ఆ కబురు చెబుదామని ఫోన్ చేస్తే నేను స్నానంలో ఉన్నాను, అమ్మ తీసింది. “చిన్నాడికి ఇప్పుడెన్నేళ్ళే?” అని అక్క అడిగింది. అమ్మ తాపీగా, “ఇరవై వెళ్ళి ఇరవై ఒకటి వచ్చింది” అంది. అక్క అక్కడికి వెళ్ళి ముప్ఫై ఏళ్ళు దాటింది. “ఇరవై ఒకటి వచ్చింది” అన్నంతవరకే ఆమె చెవిన పడింది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి అవతల ఏడుపు. “ఏజ్ అవుట్ అయిపోయాడురా! వాణ్ణి వదిలేసి మీరిద్దరే ఎలా వస్తారు?” పిల్లలకి ఇరవై ఒకటి నిండితే మాతోపాటు వీసా రాదు, దాన్నే ఏజ్ అవుట్ అంటారు.

మా అబ్బాయి 2005 జనవరిలో పుట్టాడని నాకు తెలియదా? తెలుసు. కానీ అక్క అంత ఇదిగా ఏడుస్తుంటే, అమెరికా వాళ్ళది నడుస్తున్న ఏడు లెక్కేమో అనుకుని నేనూ బిక్కచచ్చిపోయాను. రెండో రోజు సాయంత్రం వాడే, “నాన్నా, ఇరవై ఒకటి నిండకూడదనే కదా అన్నారు, నాకు నిండేది జనవరిలో” అన్నాడు. అప్పుడు ఊపిరి వచ్చింది.

ఇప్పుడు నా సందేహాలు రెండు. అమ్మ అన్నది తప్పా? ఈ “ఏజ్ అవుట్”కి తెలుగులో చక్కటి మాట ఏమైనా ఉందా?

తెనాలి నుంచి:

అమ్మగారు అన్నదాంట్లో రవ్వంత తప్పు లేదు. పైగా మనం ఇప్పుడు వాడే మాట కన్నా అదే కచ్చితం. వెళ్ళినవి ఎన్నో, నడుస్తున్నది ఎన్నోదో రెండూ ఒకే వాక్యంలో చెప్పేశారు. ఇరవై వెళ్ళాయి, అంటే నిండాయి. ఇరవై ఒకటి వచ్చింది, అంటే ఇరవై ఒకటో ఏడు మొదలైంది. ఇంతకన్నా వివరంగా ఏ లాయరు చెబుతాడు?

చిక్కు ఎక్కడంటే, కేకు మీద అంకె కొవ్వొత్తి పెట్టడం మొదలైన దగ్గర్నుంచి “వచ్చింది” అనే మాట ఒక మెట్టు జరిగింది. మా మనవరాలు “నాకు పద్దెనిమిది వచ్చాయి” అంటే పద్దెనిమిది నిండాయని. మా ఆవిడ “దానికి పద్దెనిమిది వచ్చింది” అంటే పదిహేడు నిండాయని. ఒకే ఇంట్లో, ఒకే మాటకి ఏడాది తేడా. పదహారో ఏడు వచ్చిన కొడుకుని స్నేహితుడిలా చూడమన్న పాత శ్లోకంలో కూడా ఉన్నది “షోడశే వర్షే” అనే. అంటే పదిహేను నిండినవాడు.

సర్కారు తెలుగు ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంటుంది. ఓటరు నమోదు ప్రకటన చూడండి, “18 ఏళ్లు నిండిన” అనే ఉంటుంది, “వచ్చిన” అని ఉండదు. పాతవాళ్ళకి ఈ ఇరవై ఒకటి కొత్తేమీ కాదు. 1989కి ముందు ఓటు హక్కుకి కావలసింది ఇరవై ఒకటే.

వరంగల్ నుంచి:

మా దిక్కు “ఇరవై ఒకటి పడ్డది” అంటరు. మా నాయనమ్మ అంటే ఇరవై ఒకటో యేడు షురూ అయిందని. మా తమ్ముడంటే బర్త్‌డే అయిపోయిందని. గదే గడబిడ. ఏజ్ అవుట్‌కి కొత్త మాట ఎందుకు సార్, గ్రూప్స్ రాసేటోళ్ళను అడగండి. “ఏజ్ బార్ అయింది” అంటే ఊర్ల పోరగాళ్ళందరికీ తెలుసు.

రాజమండ్రి నుంచి:

“ఏజ్ బార్” బాగుంది గానీ అది ఉద్యోగాల మాట. “ఈడు దాటింది” అంటే? అచ్చ తెలుగు, మూడక్షరాల్లో తేలిపోతుంది.

తెనాలి నుంచి:

అక్షరాలు ఐదండీ. అదలా ఉంచి, “ఈడు దాటిన పిల్ల” అంటే వినేవాళ్ళు పెళ్ళి గురించే అనుకుంటారు, వీసా గురించి అనుకోరు. “వయసు మీరిన” అంటే నాలాంటి వాడు గుర్తొస్తాడు. “వయసు మళ్ళిన” అసలే కుదరదు. మా మిత్రులొకరు “వయోవిచ్యుతి” అన్నారు, ఆ మాట పలికేలోపు కుర్రాడికి ఇరవై రెండు నిండుతాయి. కోర్టు తెలుగులో “మైనారిటీ తీరడం” అనే మంచి మాట ఉంది, దస్తావేజుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ ఇక్కడ మైనారిటీ పద్దెనిమిదికే తీరుతుంది, వాళ్ళ వీసా చట్టంలో పెళ్ళికాని బిడ్డ ఇరవై ఒకటి నిండేదాకా బిడ్డే. అందుకని అదీ అతకదు. నా ఓటు “వయసు దాటిపోవడం”కే. ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు.

డాలస్ నుంచి:

నేను లాయర్ని కాను. మా మరిది కుటుంబానికి ఇవే కాగితాలు రెండేళ్ళు మోశాను కాబట్టి చెబుతున్నాను. ఏలూరు అన్నయ్యగారూ, మీ అబ్బాయి సంగతి అటుంచండి. “వాణ్ణి వదిలేసి మీరిద్దరే” అన్నారట మీ అక్కగారు. మీకు పెద్దపిల్లలెవరూ లేరా?

ఎందుకడుగుతున్నానంటే, 2002 ఆగస్టు 6న ఇక్కడ చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ అని ఒకటి వచ్చింది. మేమంతా సీఎస్‌పీఏ అంటాం. దాని ప్రకారం ఎఫ్-4లో పిల్లల వయసు పుట్టినరోజుని బట్టి తేలదు. వంతు వచ్చిన నెల ఒకటో తేదీకి బిడ్డకి ఎన్నేళ్ళో చూస్తారు. అందులోంచి, పిటిషన్ వాళ్ళ ఆఫీసులో అప్రూవ్ కాకుండా ఎన్ని రోజులు పడి ఉందో అన్ని రోజులు తీసేస్తారు. మిగిలింది ఇరవై ఒకటికి లోపుంటే బిడ్డే. మా ఇంట్లో దీన్ని “లెక్క వయసు” అంటాం. మనవాళ్ళకి “అసలు వయసు”, “సర్టిఫికెట్ వయసు” అని రెండు ఎలాగూ ఉన్నాయి. ఇది మూడోది.

ఇందులో తమాషా ఏమిటంటే, “ఆలస్యం అమృతం విషం” అంటాం కదా, ఇక్కడ ఆఫీసులో జరిగిన ఆలస్యమే అమృతం. ఫైలు ఎన్నేళ్ళు మూలన పడి ఉంటే పిల్లల వయసు అంత తగ్గుతుంది. అప్రూవ్ అయ్యాక క్యూలో నిలబడిన కాలానికి మాత్రం పైసా విలువ లేదు. ఎఫ్-4కి ప్రపంచమంతటికీ కలిపి ఏడాదికి 65,000 వీసాలే, అందులో ఒక్కో దేశానికి మళ్ళీ పరిమితి. ఆ క్యూలోనే సగం జీవితం అయిపోతుంది, దాన్ని ఎవరూ తీసెయ్యరు. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకి వెళ్ళేవాళ్ళ బాధ ఇంకోలా ఉంటుంది. త్వరగా తేల్చమని ప్రీమియం డబ్బు కట్టి పదిహేను పనిదినాల్లో అప్రూవల్ తెచ్చుకుని స్వీట్లు పంచుతారు. పదేళ్ళ తర్వాత పిల్లాడి వయసులోంచి తీసెయ్యడానికి ఆ పదిహేను పనిదినాలే ఉంటాయి.

రాజమండ్రి నుంచి:

అంటే “వయోపరిమితి సడలింపు” అన్నమాట!

తెనాలి నుంచి:

కాదండీ, తేడా ఉంది. సడలింపు అంటే హద్దుని వదులు చేయడం, ముప్ఫై నాలుగుని ముప్ఫై తొమ్మిది చేసినట్టు. డాలస్ అమ్మాయి చెప్పేదాంట్లో హద్దు జరగలేదు, ఇరవై ఒకటి ఇరవై ఒకటిగానే ఉంది. మనిషి వయసులోంచే కోత పెట్టారు. ఇది “మినహాయింపు”. చేతికి వచ్చేది ఒకటే కావచ్చు గానీ మాట వేరు, లెక్క వేరు. “లెక్క వయసు” అనే మాట నాకు బాగా నచ్చింది, రాసిపెట్టుకుంటున్నాను.

వరంగల్ నుంచి:

అక్కా, మా దోస్తు “నా వయసు లాక్ అయింది” అంటడు. గదేంది?

డాలస్ నుంచి:

అది సిటిజన్లు సొంత పిల్లలకి వేసుకునే పిటిషన్ తమ్ముడూ. వేసిన రోజుకి ఇరవై ఒకటి నిండకపోతే, ఆ రోజు వయసే చివరిదాకా. “వయసు ఆగిపోయింది” అని మా అత్తగారి దగ్గర ఒకసారి నోరు జారాను. “అవేం మాటలే, తథాస్తు దేవతలుంటారు” అని దిష్టి తీసేదాకా ఊరుకోలేదు. అప్పటి నుంచి మేమూ లాక్ అనే అంటున్నాం. వంతు వచ్చిందనడానికి “డేట్ కరెంట్ అయింది” అన్నా కష్టమే, “పోయిందెప్పుడు?” అంటారు ఆవిడ. నిజానికి డేట్లు వెనక్కి జరిగి కరెంట్ పోయిన నెలలు కూడా ఉన్నాయిలెండి.

ఏలూరు నుంచి:

అమ్మా, మీరు అడిగిన దగ్గర్నుంచి చేతులు వణుకుతున్నాయి. మాకు పెద్దమ్మాయి ఉంది. దాన్ని మేం ఎప్పుడో లెక్కలోంచి తీసేశాం. దానికి ఇరవై ఒకటి నిండిన ఏడాదే ఒక కన్సల్టెన్సీ వాళ్ళు “మీ అమ్మాయిది అయిపోయింది, అబ్బాయినైనా చూసుకోండి” అని తేల్చేశారు. ఆ రాత్రి అది ఏమీ అనకుండా తన పాస్‌పోర్టు తెచ్చి బీరువా పై అరలో పెట్టేసింది. వంతు వచ్చిన నెల ఒకటో తేదీకి దానికి ఇరవై నాలుగేళ్ళ ఒక నెల. అక్క పిటిషన్ వేసిన రసీదు, అప్రూవల్ నోటీసు రెండూ ఇప్పుడే తీశాను. 2006లో ఇచ్చింది 2009లో అప్రూవ్ అయింది. మధ్యలో 1,310 రోజులు. మూడేళ్ళ ఏడు నెలలు.

డాలస్ నుంచి:

ఇరవై నాలుగేళ్ళ ఒక నెలలోంచి మూడేళ్ళ ఏడు నెలలు పోతే ఇరవై ఏళ్ళ ఆరు నెలలు. అన్నయ్యగారూ, మీ అమ్మాయికి లెక్కలో ఇంకా ఇరవై ఒకటి నిండలేదు! అబ్బాయికైతే పదిహేడు కూడా నిండవు. మీ అక్క ఏడ్చిందంతా వృథా.

అయితే రెండు సంగతులు. వంతు వచ్చిన ఏడాదిలోపు తన కోసం అడగాలి. ముంబై ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకైతే డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం అమ్మాయి పేరు మీద విడిగా పంపాలి, మీది పంపితే తనదీ అయిపోయినట్టు కాదు. ఈ ఏడాది గడువు దాటిపోయి ఎంతమంది పోగొట్టుకున్నారో. రెండు నోటీసులూ ఒక లాయరుకి చూపించి రోజులు మళ్ళీ లెక్క పెట్టించండి, నా కూడికలు తీసివేతల మీద ఆధారపడొద్దు. ఒకసారి దాటిపోతే మటుకు కథ మళ్ళీ మొదటికే. పాత క్యూలో నిలబడిన ఏళ్ళని ఎఫ్-4 పిల్లలకి కలపనక్కర్లేదని 2014 జూన్‌లో ఇక్కడి సుప్రీంకోర్టే చెప్పేసింది. మీరు వెళ్ళి గ్రీన్‌కార్డు మీద మళ్ళీ కొత్తగా వేసి, మళ్ళీ వరస చివర నిలబడాలి.

రెండోది అడగడానికి మొహమాటంగా ఉంది. అమ్మాయికి పెళ్ళి కాలేదు కదా?

ఏలూరు నుంచి:

కాలేదు. శ్రావణంలో అనుకుంటున్నాం. తాంబూలాలు పుచ్చుకోలేదు గానీ మాట అయిపోయింది. భీమవరం సంబంధం, మంచివాళ్ళు.

తెనాలి నుంచి:

“పెళ్ళికాని” అనే మాటకి ఇంత బరువు ఉంటుందని ఇన్నేళ్ళ మాస్టరీలో నాకు తెలియలేదు.

డాలస్ నుంచి:

పెళ్ళయితే ఈ దారి మూసుకుపోతుంది అన్నయ్యగారూ. వీసా చేతికొచ్చాక, అమెరికాలో దిగకుండా మధ్యలో చేసుకున్నా అంతే. ఇందులో నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అమ్మాయిని కూచోబెట్టి అడగండి, ముందు తననే అడగండి.

ఏలూరు నుంచి, మూడు రోజుల తర్వాత:

అడిగాం. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పై అరలోంచి పాస్‌పోర్టు తీసి, గడువు ఎప్పటిదాకా ఉందో చూసింది. ఫారం నిన్న రాత్రి అదే నింపుకుంది. అక్క వీడియోలో పక్కనే కూచుంది, మళ్ళీ ఏడ్చింది. నోటీసులు ఒక లాయరుకి పంపాం, రోజుల లెక్క ఆయనకీ 1,310 అనే వచ్చింది. అమ్మకి, “దానికి అక్కడి లెక్కలో ఇరవై వెళ్ళి ఇరవై ఒకటి వచ్చిందే” అని చెప్పాను. “నేను మొన్న చెప్పింది చిన్నాడి గురించి కదరా” అంది.

భీమవరం వాళ్ళకి ఇంకా చెప్పలేదు. రేపు ఫోన్ చేయాలి. “వాయిదా” అనాలా, “ఆపుకున్నాం” అనాలా, ఏ మాట వాడితే వాళ్ళు నొచ్చుకోకుండా ఉంటారు? పెద్దలు చెప్పండి.

తెనాలి నుంచి:

“వాయిదా” వద్దు, కోర్టు వాసన. “ఆపుకున్నాం” అంటే తెగిపోయినట్టు ఉంటుంది. ఫోన్‌లో అసలే వద్దు. ఏలూరుకీ భీమవరానికీ ఎంత దూరమనీ, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి ఎదురుగా కూచుని, జరిగింది జరిగినట్టు చెప్పండి. అమ్మాయి వస్తానంటే తీసుకెళ్ళండి.